పుర్రచేతి ముడి

తెరచాప పడవ అనగానే అందరి కళ్ళూ చాప మీదకే పోతాయి. దాన్ని చూసి ఆహా అంటారు, ఫొటోలు తీసుకుంటారు. ఆ చాప తాళ్ళు బిగించడానికి డోలులాంటి ఇనుప వించ్ ఒకటి ఉంటుందనీ, దారి చూపడానికి దిక్సూచి ఉంటుందనీ, గాలి లేనినాడు నడిపించే చిన్న మోటారు వెనకాల వేలాడుతుంటుందనీ, వీటన్నిటికీ ఎండా వానా ఉప్పుగాలీ తగలకుండా గుడ్డ తొడుగులు వేస్తారనీ ఎవరికి పట్టింది? తొడుగు బాగున్నన్నాళ్ళూ దానివైపు చూసే దిక్కుండదు. చిరిగిన రోజున మాత్రం కుట్టినవాళ్ళ ఏడు తరాలనూ తలుచుకుంటారు. అలాంటి పనిలో ఇరవై ఆరేళ్ళు నెగ్గుకొచ్చిన మనిషి గురించి చెబుతున్నాను.

రేవులో అందరూ ఆవిడను తొడుగులక్క అనేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. మనిషి పిడికెడు, నోరు మాత్రం రేవు అవతలికి వినబడేది. పడవ యజమాని ఎంతటివాడైనా సరే, తడిచేత్తో మోటారు తడిమితే ఊరుకునేది కాదు. "కాస్త తుడుచుకుని ముట్టుకోండి బాబూ, మీ సొమ్మే, ఎవరూ ఎత్తుకుపోరు" అని మొహం మీదే అనేసేది. ముక్కుసూటి మనిషి. ఆ ముక్కుసూటితనమే ఒకసారి కొంప ముంచింది. తొందరెందుకు, వస్తున్నాను అక్కడికే.

తండ్రి అదే రేవులో చిరిగిన చాపలకు మాసికలు వేసేవాడు. పోతూ పోతూ ఒక కుట్టుమిషనునూ, తల్లి లేని ఏడేళ్ళ చెల్లెలినీ ఈవిడకు అప్పగించి పోయాడు. అప్పటికి ఈవిడకు ఇరవై. "మిషనే నయం, నూనె పోస్తే నోరు మూసుకుంటుంది, దీనికి నూనె రాసి జడలు కూడా వెయ్యాలి" అని నవ్వేది. నవ్వడమే గాని చెల్లెలిని కంటికి రెప్పలా చూసుకుంది. తనకు జ్వరమొస్తే మూలన పడుకునేది, చెల్లెలు తుమ్మితే ఊరంతా లేపేది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "ముందు దాన్నొక ఒడ్డుకు చేర్చనీండి" అనేది. చెల్లెలు ఏ ఒడ్డుకూ చేరకుండానే తనకు నలభై దాటాయి, అడిగేవాళ్ళు అడగడం మానేశారు.

చాపల మాసికలు పెద్ద కంపెనీల పాలయ్యాక తొడుగుల్లోకి దిగింది. మొట్టమొదట కుట్టింది ఒక కళ్ళజోడాయన మోటారుకు. "గాలి కూడా దూరదు, చూడండి" అని గొప్పలు పోయింది. నిజంగానే దూరలేదు. వానాకాలం వెళ్ళాక విప్పి చూస్తే లోపల చెమ్మ నిలిచిపోయి, మోటారు ఎర్రగా తుప్పు పట్టి కూర్చుంది. ఆయన ఆ తొడుగు తెచ్చి నలుగురిలో ఆవిడ కాళ్ళ దగ్గర పడేసి "దీనికన్నా గోనెసంచి నయం" అన్నాడు. ఆవిడ ఏడవలేదు. ఇంటికి పోయి తలుపేసుకుని ఆలోచించింది. ఆనాటి నుంచి ఆవిడ కుట్టిన ప్రతి తొడుగుకూ కింద, గాలివాటుకు అవతలి పక్కన, రెండు వేళ్ళు పట్టే కంత ఒకటీ దాని మీద చిన్న గుడ్డరేకూ ఉండేవి. దానికి ముక్కు అని పేరు పెట్టుకుంది. "మనిషికైనా మోటారుకైనా ముక్కు మూస్తే గోవిందా" అనేది.

పనిచేసుకునే చోటు, తండ్రి వదిలిపోయిన ఇంటి ముందుగది, రేవు వెనక వీధిలో, తాళ్ళు అమ్మే కొట్టు పక్కన. మూడు మెట్లెక్కితే పొడుగాటి గది. గదేమిటి, నడవాకు తలుపు పెట్టినట్టుండేది. ఒక గోడకు బల్ల, బల్ల మీద మిషను, వెనక్కి వాలితే వీపుకు తగిలేంత దగ్గరలో రెండో గోడ. ఆ గోడ నిండా మేకులు, మేకులకు కొలత కాగితాలు. పడవ ఎక్కి, వించ్ మీదో దిక్సూచి మీదో మందపాటి గోధుమరంగు కాగితం పరిచి, వంపు వంపుకూ నొక్కి, పెన్సిలుతో గీసి తెచ్చిన కాగితాలవి. ఒక్కో పడవకు ఒక్కో కట్ట. ఒకే చోట తయారైన పడవలైనా పదేళ్ళు తిరిగాక ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకదాని వించ్ వంగుతుంది, ఇంకోదానికి మోటారు మారుతుంది. ఆ వంకరలన్నీ ఆ గోడ మీద ఉండేవి. ఆవిడ ఆస్తి అంటే అదే.

ఆవిడది పుర్రచేతి వాటం. కత్తెర కూడా ఎడమచేతివాళ్ళకని చేసినది ప్రత్యేకంగా తెప్పించుకుంది. దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. "కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు, కోత తప్పితే గుడ్డే పోతుంది" అనేది. ఇక తొడుగు అడుగున మడతలో దూర్చి బిగించే నాడా సంగతి. ఆ నాడాకు ముడి వేసేటప్పుడు ఆవిడ ఎడమ కొసను పైకి తెచ్చి, కిందనుంచి లాగి, రెండుసార్లు తిప్పి, ఉచ్చులా మిగిలే ముడి చెవిని మడత లోపలికి తోసేసేది. లోకంలో అందరి ముడి చెవీ ఎడమవైపు పడితే ఈవిడది కుడివైపు పడేది. పైకి కనబడదు, మడత తిప్పి చూస్తేనే తెలుస్తుంది. ఎంత గాలివానకైనా ఆ ముడి జారింది లేదు.

చెల్లెలిది కుడిచేతి వాటమే. అక్కకు ఎదురుగా కూర్చుని నేర్చుకుని ఉంటే అద్దంలో చూసినట్టు సరిపోయేది. ఎదురుగా కూర్చోవడానికి ఆ గదిలో చోటేది? పన్నెండేళ్ళ వయసులో ఆ బల్ల దగ్గరే, అక్క పక్కనే, భుజం భుజం తగిలేలా కూర్చుని, అక్క వేళ్ళు ఎటు పోతే తన వేళ్ళూ అటే పోనిచ్చింది. అలా కుడిచేతి పిల్లకు పుర్రచేతి ముడి అబ్బింది. "నువ్వు తిరగేసి వేస్తున్నావే" అని అక్క ఎన్నోసార్లు విప్పించి చూసింది. ఆ పిల్లకు ఇంకోలా వచ్చేది కాదు. చివరికి అక్కే నవ్వేసి వదిలేసింది. ఆ తీరమంతా గాలించినా ఆ ముడి వేసేవాళ్ళు ఇద్దరే. కత్తిరించడం అక్క, కుట్టడం చెల్లెలు, ముడులు ఎవరికి తీరికైతే వాళ్ళు. ఇరవయ్యేళ్ళు అలాగే గడిచాయి.

ఆ ఇంటి గుమ్మం తొక్కే మూడో మనిషి మిషన్లు బాగుచేసే ఆయన. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న నూనెడబ్బా ఉండేది, జేబు కింద అరచెయ్యంత మరక ఉండేది. అందుకని రేవులో ఆయన పేరు నూనెడబ్బా. అక్కాచెల్లెళ్ళు మాత్రం అన్నయ్యా అని పిలిచేవారు. వీధికి అవతల, నాలుగు కొట్ల ఎడంలో ఆయన దుకాణం. తండ్రి మిషను ముసలిదైపోయి నెలకోసారి అలిగేది. ఆయన వచ్చి, దానితో మాట్లాడుతున్నట్టే గొణుగుతూ, విప్పి బిగించి, టీ తాగి పోయేవాడు. చెల్లెలు చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని మరలు ఏరి ఇచ్చేది.

ఈ ఏడు వానాకాలానికి ముందు, ఎప్పటిలాగే పడవలు నడపడం నేర్పే స్కూలుకు వెళ్ళింది తొడుగులక్క. స్కూలుకు పన్నెండు పడవలు. రెండేళ్ళకోసారి అన్నిటికీ కొత్త తొడుగులు. రెండు నెలలు తల ఎత్తకుండా చెయ్యాల్సినంత పని, సంవత్సరంలో సగం ఇల్లు దాని మీదే నడిచేది. మేనేజరు ఆవిడను చూసి కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"ఈసారి నెల కిందటే కొత్త కంపెనీకి ఇచ్చేశాం అక్కా. పెట్రోలు బంకు పక్కన గాజు తలుపుల షాపు పెట్టారు చూడు, వాళ్ళకి."

"ఇచ్చుకోండి, మీ ఇష్టం. మరి కొలతలకి ఎప్పుడొచ్చారు? నేను రోజూ రేవులోనే చస్తుంటాను, ఒక్కణ్ణీ చూడలేదే."

"రాలేదక్కా. కొలతలు మా దగ్గరే ఉన్నాయన్నారు. మచ్చుకి ఒకటి తెచ్చి మూడో పడవకి తొడిగి చూపించారు. అతికినట్టు సరిపోయింది."

మూడో పడవ వించ్ ఆరేళ్ళ కిందట గట్టుకు గుద్దుకుని ఒక పక్కకు ఒరిగింది. పడవ ఎక్కి కాగితం పరిస్తే తప్ప దాని కొలత దేవుడికైనా తెలియదు. తొడుగులక్క వెంటనే వెనక్కి తిరిగింది. పరుగులాంటి నడకతో ఇల్లు చేరి, గోడ మీద కాగితాలన్నీ దించింది. ఒక్కటి కూడా పోలేదు. కానీ స్కూలు పడవల పన్నెండు కట్టల్లోనూ ప్రతి కాగితానికీ నాలుగు మూలలా సన్నటి గుండుసూది చిల్లులు. ఆవిడ ఎప్పుడూ కాగితాలకు సూది గుచ్చదు, మీద రాయి పెడుతుంది. ఎవరో వీటిని ఇంకో కాగితం మీద పరిచి, కదలకుండా గుచ్చి, అంచులు గీసుకున్నారు.

చెల్లెలు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"మనం లేకుండా ఈ గదిలో ఎవరున్నారే?"

చెల్లెలు గోడ దగ్గరకు వచ్చి చూసింది. "ఏమో అక్కా. కిందటి నెల పెద్ద పడవ కొలతలకి ఇద్దరం పోయాం కదా. ఆ పూటంతా అన్నయ్య ఒక్కడే కూర్చుని మిషను చేశాడు."

అన్న మాటలో అబద్ధం వీసమెత్తు లేదు. ఆ పూట ఆయన ఒక్కడే ఉన్నాడు. తొడుగులక్క కాసేపు ఆగి ఉంటే బాగుండేది. ఆగడం ఆవిడకు ఎవరూ నేర్పలేదు. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వీధి దాటింది. చినుకులు పడుతున్నాయని చెల్లెలు గొడుగు తీసుకుని వెనకాలే వచ్చింది.

దుకాణంలో నలుగురు మిషన్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆయన నేల మీద కూర్చుని ఏదో చక్రం తుడుస్తున్నాడు. "రా చెల్లెమ్మా, మళ్ళీ అలిగిందా?" అన్నాడు.

"మిషను అలగలేదు. మా ఇంట్లో కూర్చుని, మా టీ తాగి, మా నాన్న గోడ మీద కాగితాలు గీసుకుపోయి ఆ గాజు తలుపులవాళ్ళకి ఇచ్చుకున్నావు చూడు, ఆ ఘనకార్యానికి దణ్ణం పెట్టిపోదామని వచ్చాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే కదా?"

కూర్చున్న నలుగురూ తలలు దించుకున్నారు. ఆయన చేతిలో గుడ్డ కింద పెట్టాడు. ముందు ఆవిడను చూశాడు, తరవాత ఆవిడ భుజం మీదుగా గొడుగు పట్టుకుని నిలబడ్డ చెల్లెలిని చూశాడు. చెల్లెలి మీద చూపు కొంచెంసేపు ఎక్కువే నిలిచింది.

"అంతేనా చెల్లెమ్మా?" అన్నాడు.

"ఇంకా ఏం కావాలి? ఇకమీదట నా గుమ్మం ఎక్కావంటే మర్యాద దక్కదు."

"సరే" అన్నాడు ఆయన, మళ్ళీ గుడ్డ తీసుకున్నాడు.

"పద అక్కా, తడిసిపోతున్నావు" అంది చెల్లెలు. ఇంటికి తీసుకొచ్చి, తువ్వాలు ఇచ్చి, గ్లాసుతో నీళ్ళు కూడా ఇచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని సామెత. ఈ మహాతల్లి భుజం మీద చెయ్యి కూడా వేసుకోలేదు.

ఎనిమిది రోజులు గడిచాయి. రెండు వానలు పడి వెలిశాక, ఒక ముసలావిడ పడవ దిక్సూచికి కొలత తీసుకోవాలని పొద్దున్నే రేవుకు బయల్దేరింది తొడుగులక్క. దారి స్కూలు పడవల పక్క నుంచే. పన్నెండు పడవలకూ కొత్త తొడుగులు ఎక్కి ఉన్నాయి. చూడకూడదనుకుంది. మొహం అవతలికి తిప్పుకుని నాలుగు అడుగులు వేసింది కూడా. కానీ గుడ్డపని చేసే మనిషి కొత్త కుట్టు పక్కనుంచి ముట్టుకోకుండా పోగలదా? మూడో పడవలోకి దిగి, ఆ వంకర వించ్ మీద తొడుగును చేత్తో తడిమింది.

బాగుంది. ఆ మాట ఒప్పుకోవడం ఆవిడకు కష్టంగానే ఉంది, కానీ బాగుంది. వంపు దగ్గర ముడత లేదు. కింద ముక్కు కూడా ఉంది, గాలివాటుకు అవతలి పక్కనే. సరే, అది ఎవరైనా చూసి కుట్టొచ్చు అనుకుంది. ఎక్కడైనా ఒక్క తప్పు దొరక్కపోతుందా అని అడుగు మడత తిప్పి చూసింది. లోపల నాడా ముడి ఉంది. దాని చెవి కుడివైపు పడి ఉంది.

ఒక్క క్షణం తనే కుట్టాననుకుంది, నమ్మండి. తన చెయ్యే కనబడింది ఆ ముడిలో. తరవాత వరసగా మిగతా పడవలన్నీ ఎక్కింది. ప్రతి మడతా తిప్పింది. అన్నీ కుడివైపే. పన్నెండో పడవ దగ్గర అక్కడే చెక్క మీద కూలబడింది. కాగితాలు గీసుకున్న దొంగకు ఈ ముడి రాదు. కాగితం మీద ముడి ఉండదు. ఈ ముడి వేసేవాళ్ళు లోకంలో ఇద్దరే, అందులో ఒకరు ఇక్కడ చెక్క మీద కూర్చుని ఉన్నారు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ తనంతట తానే పన్నెండుచోట్ల సంతకం పెట్టి పోయింది, అదీ తెలియక. తెలిసి ఉంటే ఇంకోలా వేసేది కదా అంటారేమో. ఆ పిల్లకు ఇంకోలా రాదని చెప్పాను కదా. తొడుగులక్కకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. చలి వేసింది. పట్టపగలు, ఎండ కాస్తుండగా ఆవిడకు చలి వేసింది. లేస్తూ పన్నెండో పడవ వించ్ తొడుగు ఊడదీసి సంచిలో వేసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చేసిన దొంగతనం అదొక్కటే.

ఇంట్లో చెల్లెలు మిషను ముందు కూర్చుని ఉంది. తొడుగులక్క సంచి కింద పెట్టింది. అప్పుడే కుట్టి పెట్టిన దిక్సూచి తొడుగు ఒకటి తీసి ఆమె ముందు పెట్టి "దీనికి నాడా ముడి వెయ్యి" అంది. చెల్లెలు వేసింది. అలవాటుపడ్డ వేళ్ళు, కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది. అప్పుడు తొడుగులక్క సంచిలోది తీసి, మడత తిప్పి, పక్కన పెట్టింది.

రెండు ముడులూ పక్కపక్కన ఉన్నాయి. చెల్లెలు వాటిని చూసింది, అక్కను చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలు."

మూడు నెలలుగా చెల్లెలు వారానికి నాలుగు మధ్యాహ్నాలు బయటకు పోతోంది. స్నేహితురాలికి ఒంట్లో బాగాలేదనీ, చూసుకునేవాళ్ళు లేరనీ చెప్పింది. తొడుగులక్క అయ్యో పాపం అనుకుని ఆ స్నేహితురాలికి మెత్తగా వండి, డబ్బా కట్టి, వేడి తగ్గకుండా గుడ్డ తొడుగు కూడా కుట్టి పంపింది.

"మరి ఆ జబ్బు మనిషి?"

"ఎవరూ లేరక్కా."

"నేను కట్టిచ్చిన డబ్బాలు?"

"నేనే తిన్నాను. అక్కడ."

ఇంకెవరైనా అయితే నవ్వొచ్చే సంగతే. తొడుగులక్క బల్ల అంచు పట్టుకుంది. "నేనేం తక్కువ చేశానే నీకు?"

"తక్కువేం చెయ్యలేదు" అంది చెల్లెలు. చాన్నాళ్ళుగా లోపల అనుకుని అనుకుని నున్నగా అయిపోయిన మాటలవి. "నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. రేవులో నన్నేమంటారో తెలుసా? తొడుగులక్క చెల్లెలు అంటారు. నేను చచ్చిపోతే కూడా తొడుగులక్క చెల్లెలు పోయిందంటారు. అక్కడ నాకు నిలబడి కోసుకునే బల్ల ఇచ్చారు. కత్తెర చేతికిచ్చారు. ఇరవయ్యేళ్ళలో నువ్వు ఒక్కసారి ఇచ్చావా?"

"నువ్వు అడిగావా?"

"అడిగాను. పంతొమ్మిదేళ్ళప్పుడు. కోత తప్పితే గుడ్డే పోతుందన్నావు."

తొడుగులక్కకు గుర్తు లేదు. అది వందమందితో వందసార్లు అన్న మాట.

"ఆ మాట చెప్పి పోయుంటే దీవించి పంపేదాన్ని కదే."

"పంపేదానివి కాదు."

పంపేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తొడుగులక్క ఆ రెండు ముడులనూ పక్కకు జరిపింది.

"సరే. కాగితాలు గీసుకున్నావు. నాన్న గోడ, నీకూ సగం ఉంది, పోనీ అనుకుంటాను. కానీ అన్నయ్యని నేను నలుగురిలో నానా మాటలూ అంటుంటే నువ్వు నా వెనకాలే ఉన్నావు. నేను తడవకుండా గొడుగు పట్టావు. నోరెందుకు విప్పలేదు?"

చెల్లెలు నాడా కొస వేలికి చుట్టుకుంది, విప్పింది. "విప్పితే అప్పుడే తెలిసిపోయేది."

"అంతేనా?"

"అంతే."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. తొడుగులక్క వంటింట్లోకి పోయి స్టవ్ మీద ఏమీ లేకపోయినా దాని ముందు నిలబడింది. సాయంత్రానికి చెల్లెలు రెండు సంచులు సర్దుకుంది. తాళంచెవి తీసి, మేకులకు కొలత కాగితాలు వేలాడే చోట, ఒక ఖాళీ మేకుకు తగిలించి పోయింది. వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఆగిందని, వెనక్కి తిరగబోయి తిరగలేదని తాళ్ళ కొట్టువాళ్ళు చెప్పారు. తొడుగులక్క చూడలేదు.

చెల్లెలు పోయిన పది రోజులకు మిషను అలిగింది. పై దారం కింది దారాన్ని అందుకోవడం మానేసి, గుడ్డ మీద చిల్లులే మిగిల్చింది. తొడుగులక్క రెండు రోజులు చేత్తో కుట్టింది. మూడో రోజు వేళ్ళు వాచాయి. కాలు జారితే లేవొచ్చు గాని నోరు జారితే ఏం చేస్తాం? అయినా తలుపు దగ్గరగా వేసి, వీధి దాటి, ఆ దుకాణం ముందు నిలబడింది. అదృష్టమో దురదృష్టమో, ఆ రోజూ లోపల ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనిపించింది. నలుగురిలో అన్న మాట చాటుగా వెనక్కి తీసుకోవడం ఏం న్యాయం అనిపించి అక్కడే మొదలుపెట్టింది.

"అన్నయ్యా, ఆ కాగితాలు నువ్వు తియ్యలేదు. మా ఇంటిదే తీసింది. నేను నోటికొచ్చినట్టు వాగాను. తప్పయింది."

ఆయన తల ఎత్తాడు. "నాకు తెలుసు చెల్లెమ్మా."

"ఏం తెలుసు?"

"చిన్నది అక్కడ ఉందని. ఆ కంపెనీవాళ్ళు మిషన్లు బిగించడానికి నన్ను పిలిచారు, రెండు నెలలైంది. వెళ్తే అది పెద్ద బల్ల ముందు నిలబడి గుడ్డ కోస్తోంది. నన్ను చూసి కత్తెర కింద పెట్టేసింది. అక్కకి చెప్పొద్దని చేతులు పట్టుకుంది."

తొడుగులక్క లెక్క కట్టుకుంది. తను ఇదే చోట నిలబడి అరిచిన రోజున ఆయనకు అంతా తెలుసు. వెనకాల గొడుగు పట్టుకున్న మనిషిని ఆయన ఎందుకు అంతసేపు చూశాడో ఇప్పుడు అర్థమైంది. చెల్లెలి నోట్లోంచి ఒక్క ముక్క వస్తుందేమోనని చూశాడు.

"ఆ రోజే అనొచ్చు కదా. నా మొహాన కొట్టినట్టు చెప్పొచ్చు కదా" అంది.

"చెప్తే నమ్మేదానివా?"

ఆవిడ గుమ్మం పక్కనున్న మిషను వైపు చూసింది.

"నమ్మేదానివి కాదు. దాని మీద నింద వేశానని ఇంకో నాలుగు తిట్టేదానివి. అయినా నీకున్నది అదొక్కతే కదా, నా నోటితో ఎందుకు తీసెయ్యాలి అనుకున్నాను." గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "అది గుడ్డ కోస్తుంటే చూశాను చెల్లెమ్మా. దాని మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. అది మాత్రం నిజం."

ఆ మాట ఎందుకు చెప్పాడో గాని, దానికన్నా చెంపమీద కొట్టినా బాగుండేదనుకుంది ఆవిడ. "మిషను కుట్టడం లేదు అన్నయ్యా. ఒకసారి వచ్చి చూస్తావా?" అని అడిగింది.

"ఇక్కడికి తెచ్చి ఇవ్వు, చేసిపెడతాను. ఎన్నిసార్లైనా చేస్తాను. గుమ్మం మాత్రం ఎక్కను." కోపంగా అనలేదు, టీలో చక్కెర వద్దన్నంత మామూలుగా అన్నాడు.

ఆ మిషను తల పద్నాలుగు కిలోలు. మూడు మెట్లు దింపి, వీధి దాటించి, నాలుగు కొట్లు మొయ్యాలి. బయట ముసురు. తండ్రి కాలం నుంచి ఆ మిషను ఎన్ని పడవలకు బట్టలు కట్టిందో లెక్కలేదు, దానికి మాత్రం ఒంటి మీద గుడ్డ లేదు. తొడుగులక్క బల్ల మీద కాన్వాసు పరిచి, మిషను మీద కాగితం వేసి కొలత తీసుకుంది. కోసింది. చేత్తోనే కుట్టింది, ముక్కు పెట్టింది, మోయడానికి రెండు పట్టీలు వేసింది. నాడా ముడి దగ్గర ఆగింది. ఇకనుంచి అందరిలా వేద్దాం, ఆ ముడి మనకొద్దు అనుకుంది. కుడి కొస పైకి తెచ్చి వేసింది, జారిపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ జారింది. మూడోసారి విసుగొచ్చి చేతిని దాని ఇష్టానికి వదిలేసింది.

మర్నాడు వానలో మోసుకుపోయి దుకాణం బల్ల మీద దించింది. చుక్క నీళ్ళు లోపలికి పోలేదు. ఆయన మడత తిప్పి, నాడా విప్పబోయి, ముడిని దీపం దగ్గరకు పట్టి చూశాడు.

"చిన్నది వచ్చిందా ఇంటికి? ఇది దాని ముడేనా, నీదా?"

"నాదే" అంది తొడుగులక్క.

"ఏమో, నాకైతే తేడా తెలియదు" అని ఆయన నాడా లాగాడు.

ఆవిడ తడిసిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆ నాడావైపు చూసింది. ఎంత చూసినా ఆవిడకూ తెలియలేదు.